గుండె మంచిగున్నది

ఆ దవాఖానలో కుర్చీలు రెండు వరసలుగా వేశారు. ఎడమ వరస భయం ఉన్నవాళ్లది, కుడి వరస లేనివాళ్లది. అట్లా అని ఎక్కడా రాసిపెట్టలేదు. పొద్దున వచ్చినవాళ్లను తెల్లకోటు పిల్ల ఒక్కొక్కరినే పేరడిగి, చేతిలోని ట్యాబులో చూసుకొని, "మీరు ఇటు, మీరు అటు" అని కూచోబెట్టింది. అయినా కాసేపు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఎడమవైపు వాళ్లు కుర్చీ అంచుల మీద ఉన్నారు. కుడివైపు వాళ్లు కాళ్లు చాపుకొని ఫోన్లు చూసుకుంటున్నారు.

శ్రీశైలానికి కుడి వరసలో చోటిచ్చారు. అతను అక్కడ కూడా అంచు మీదనే కూచున్నాడు.

పక్క కుర్చీలో పరశురాములు ఉన్నాడు. తరిగొప్పుల కల్లుగీత సంఘానికి ఆయన పెద్ద. ఆయనకు ఇక్కడ పరీక్షా లేదు, పాడూ లేదు. శ్రీశైలం గుండె సంగతి డాక్టరు నోట తన చెవులతో విని, పోయి సంఘానికి చెప్పడానికి వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో ఆయన చెట్టు దిగి చాలా కాలమైంది. కింద అద్దాల లిఫ్టు తలుపు తెరుచుకోగానే రెండడుగులు వెనక్కి వేసి, "గా డబ్బల నిలవడుడు నాతోని గాదు. పా, మెట్లెక్కుదాం" అన్నాడు. మూడంతస్తులూ శ్రీశైలం కంటే ముందే ఎక్కాడు. పైకి వచ్చి కూచున్నాక మోకాళ్లు రెండూ రాసుకున్నాడు.

"ఎట్లున్నదిరా?"

"మంచిగనే ఉన్నది మామ."

"మంచిగుంటె గీడికెందుకొచ్చినం?" అని పరశురాములు నవ్వాడు. శ్రీశైలం కూడా నవ్వాడు. నవ్వినంతసేపూ అరచేతులు పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

పక్క చెట్టు గీసే ఐలేశ్ పోయిన నాటి నుంచి శ్రీశైలం చెట్టెక్కలేదు. గుండెలో నొప్పి అన్నాడు. సంఘం వాళ్లు అతని తాటిచెట్లను వంతులేసుకొని గీస్తున్నారు, అతని వాటా తెచ్చి భార్య భాగ్య చేతికి ఇస్తున్నారు. తాతల నాటి కట్టు అది. రోగమొచ్చినవాడి చెట్లు నలుగురూ గీయాలి, వాటా వాడి ఇంటికి పోవాలి. రోగం లేకుండా చెట్టు దిగినవాడివి మాత్రం చేతులు మారుతాయి. పోతుతాళ్లు గీసే కాలమంతా ఎవరూ ఏమీ అనలేదు. తరువాతి గీత కాలం, పరుపుతాళ్లు, మొదలయ్యే వేళకు కల్లు అమ్మే మండువలో గొణుగుడు బయలుదేరింది. నొప్పంటాడు గానీ ఏ డాక్టరూ ఏమీ తేల్చలేదాయె. పొలానికి నడుస్తాడు, బస్తా మోస్తాడు, మరి చెట్టు దగ్గరికొస్తేనే ఏం నొప్పి?

సరిగ్గా అప్పుడే జనగామ అవతలి ఈ కొత్త దవాఖాన వాళ్లు జీపులో మండువకు వచ్చారు. దిగులు, భయం మనిషి గుండెనూ మెదడునూ ఏం చేస్తాయో పెద్ద మిషన్లతో ఫొటోలు తీసి చూస్తారట. భూపాలపల్లి బొగ్గుబాయి వాళ్లను, మహబూబాబాద్ తండాల వాళ్లను కూడా పిలిచారట. భయం ఉన్నవాళ్లు కొందరు కావాలి, వాళ్లతో పోల్చి చూడటానికి లేనివాళ్లు కొందరు కావాలి. అందరినీ ఒక్క దగ్గరే కూచోబెట్టి ప్రశ్నలడిగారు. నిద్ర సరిగా పడుతుందా? ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుందా? చెమటలు పడతాయా? భయమేస్తుందా?

ఆ మాట అడగ్గానే మండువ మండువంతా గొల్లున నవ్వింది. గీతవాళ్లు ఆ మాట అనరు. తాళ్లల్లోకి పోయేవాడు భయం అనే మాట నోట రానివ్వడు, పడటం అనే మాట రానివ్వడు. ఎవరన్నా పడితే కూడా 'చెట్టు దించింది' అంటారు. ఐలేశును కూడా చెట్టు దించింది. "గౌడోళ్లకు భయమేందమ్మా, భయమే మమ్ముల జూసి భయపడ్తది" అన్నాడు కుర్రగీతగాడు హరీశ్. అందరూ నవ్వారు, శ్రీశైలం కూడా వాళ్లతోపాటు నవ్వి, అన్నిటికీ లేదు, లేదు, లేదు అని చెప్పాడు. అట్లా కుడి వరసలో పడ్డాడు.

అందుకు అతనికి పెద్ద చింత లేదు. ఏ వరసలో కూచోబెడితేనేం, మిషన్ అయితే లోపలికి చూస్తుంది కదా. నోరు చెప్పలేని సంగతి గుండె చెప్పుకుంటుంది. ఏదో ఒక రంధ్రమో, ఎక్కడో ఒక అడ్డమో కనబడకపోదు. రోజూ ఎల్లమ్మకు దండం పెట్టి అడుగుతున్నది అదే. గుండెలో రోగం ఉండాలని మొక్కుకునే మనిషి ఆ మూడు జిల్లాల్లో అతనొక్కడే అయి ఉంటాడు.

నడవకు అవతల, ఎడమ వరసలో ఒక లంబాడామె కూచుంది. తొర్రూరు దగ్గరి తండా, పేరు సుక్కి. ఒళ్లో ఫోన్ బోర్లా పెట్టుకొని దాని మీద అరచెయ్యి మూసి ఉంచింది.

"నీకేం రోగమన్నా?" అని ఆమే అడిగింది.

"గుండె."

"నాకు భయం రోగం" అంది సుక్కి, జ్వరమని చెప్పినంత తేలిగ్గా. "మా ఇంటాయన పూణెకు పనికి పోయిండు. ఒక్కపారి ఫోనొచ్చింది, ఆయన మీద పైకెల్లి రేకు పడ్డదని. అప్పటి సంది ఎవ్వల ఫోన్ మోగినా పానం పోయినట్టె అయితది. గోళీలిచ్చిండ్రు. నెలకొకపారి రమ్మన్నరు."

"గోళీలు గూడ ఇస్తరా?"

"ఇస్తరు. భయమున్నోళ్లకు ఇస్తరు. మీ దిక్కోళ్లకు ఉండదేమొ." ఆమె అతని వరసను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. "అదృష్టవంతులు మీరు."

శ్రీశైలం ఆమె వైపు వంగాడు. 'నాక్కూడా అక్కా' అని అనబోయాడు. పక్కన పరశురాములు తలకు చుట్టుకున్న రుమాలు విప్పి దులిపి మళ్లీ చుట్టుకుంటున్నాడు. ఇంతలో లోపలి నుంచి అతని పేరు పిలిచారు.

తెల్లకోటు పిల్ల పేరు పద్మలత. డాక్టరే గానీ, ఎవరన్నా అమ్మా అంటే తడబడేంత చిన్నది. అతని మొలతాడు, చెవిపోగులు, మెడలోని ఎల్లమ్మ బిళ్ల అన్నీ తీయించి డబ్బాలో పెట్టింది. గది చల్లగా ఉంది. నడుమ పెద్ద గుండ్రటి సొరంగం, దానిలోకి జారే సన్నటి బల్ల. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, వేలికి ఒక క్లిప్పు పెట్టి, పొట్ట చుట్టూ పట్టీ బిగించింది.

"ఇది మీ ఊపిరి చూడటానికి. బిగుతుగా ఉందా?"

శ్రీశైలం పొట్ట ఉబ్బించి, రెండు వేళ్లు పట్టీ కిందికి పోనిచ్చి, పక్కన ముడి దాకా తడిమి, ఒకసారి గుంజి చూశాడు.

"ఏం చూస్తున్నారు?"

"ముడి."

ఆమె నవ్వింది. "ఇక్కడ పడరులెండి. ఈ బంతి చేతిలో పెట్టుకోండి. మరీ ఇబ్బందయితే పిసకండి, బయటికి తీస్తాం. లోపల అద్దంలో బొమ్మలు కనబడతాయి. కొన్ని భయపెట్టేవి, నడుమ నడుమ మనసు నిమ్మళించడానికి మంచివి. చూస్తూ ఉండండి చాలు. కదలొద్దు."

బల్ల లోపలికి జారింది. ఎవరో రేకుల షెడ్డు మీద సుత్తితో బాదుతున్నంత చప్పుడు మొదలైంది. శ్రీశైలం గుండెను బతిమిలాడుకున్నాడు. కొట్టుకో, కొట్టుకో అన్నాడు. చెట్టు మొదట్లో కాలు పెడితే చాలు ఎగిరెగిరిపడే గుండె, ఇవాళ పంతులు ముందు నిలబెట్టిన పిల్లవాడిలా బుద్ధిగా కొట్టుకుంటున్నది. ఇక్కడ ఎక్కేదేమీ లేదు, ఎవరూ ఎక్కమనరు. వెన్ను కింద బల్ల గట్టిగా, నిలకడగా ఉంది. అంత రొదలోనూ అతనికి రెప్పలు వాలిపోతున్నాయి. చాలా రోజులుగా లేని నిద్ర ఇక్కడ వస్తోందేమిటని తన మీద తనకే కోపమొచ్చింది.

అద్దంలో పడగ విప్పిన పాము కనబడింది. అతను చూశాడు. తాటి మట్టల్లో అంతకంటే పెద్దవాటిని కత్తి మడమతో పక్కకు తోసి గెల గీసుకున్న మనిషి అతను. తరువాత పూలతోట. తరువాత పళ్లు బయటపెట్టిన కుక్క. తరువాత పచ్చటి మడి. మీదికి వస్తున్న లారీ, తగలబడుతున్న ఇల్లు. గుండె కదల్లేదు. చెడిపోయిన గుండెకు ఇంత నిబ్బరమా అని అతను దిగులుపడుతూ ఉండగా మరో మంచి బొమ్మ వచ్చింది.

చెరువు. తెల్లవారుజాము మంచు. చెరువు గట్టు వెంట తాళ్లు. ఒక తాటి మొవ్వలో కల్లు లొట్టి కట్టి ఉంది. మనిషి లేడు.

ఆ పొద్దు కూడా మంచే. రెండు తాళ్ల నడుమ మాటలు. మంచులో ఒకడికొకడు కనబడరు గనక పైన ఉన్నవాళ్లు పిలుచుకుంటూ ఉంటారు. 'ఉన్నవా?' అంటే 'ఉన్న' అనాలి. ఐలేశ్ తన బిడ్డ పెండ్లిచూపుల సంగతి చెబుతున్నాడు. పిలగాడు తొర్రూరులో బట్టల దుకాణంలో ఉన్నాడని చెప్పాడు. 'ఐలేశ్, ఉన్నవా?' 'ఉన్న.' గెల మీద కత్తి నాలుగు సార్లు ఆడించి, శ్రీశైలం మళ్లీ పిలిచాడు. జవాబు లేదు. అరుపు కూడా వినబడలేదు. కింద గడ్డిమోపు దించినట్టు చిన్న చప్పుడయింది. కిందికి చూడకుండా, ఐలేశ్, ఐలేశ్ అని అతను ఎంతసేపు పిలిచాడో అతనికే తెలియదు.

"కదలొద్దు శ్రీశైలం గారూ" అంది చెవిలో పద్మలత గొంతు.

గుండె తన్నుతోంది. మడమలు బల్లకు కొట్టుకుంటున్నాయి. అతను బంతి పిసకలేదు. కనబడుతుంది, ఇప్పుడు కనబడుతుంది, చూడండమ్మా అనుకుంటూ కళ్లు తెరిచే ఉంచాడు. బొమ్మ పోయింది. మళ్లీ పాము వచ్చింది, గుండె నెమ్మదించింది. ఆ తరువాత మళ్లీ ఆ చెరువే, ఆ తాళ్లే. అంత మంచి బొమ్మ అని దాన్ని మాటిమాటికీ పెట్టారు.

మర్నాడు రమ్మన్నారు, వెళ్లారు. మళ్లీ మెట్లే ఎక్కారు. పద్మలత ఇద్దరికీ కుర్చీలు వేయించి, కంప్యూటరు తెర వాళ్లవైపు తిప్పింది. తెర మీద బూడిదరంగులో ఒక గుప్పిట ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంది.

"ఇదే మీ గుండె."

శ్రీశైలం ముందుకు వంగాడు. అందులో ఎక్కడన్నా చిల్లు ఉందేమోనని వెతికాడు.

"చాలా బాగుంది" అంది పద్మలత. ఆ మాట చెప్పే అవకాశం దొరికినందుకు ఆమెకు నిజంగానే సంతోషంగా ఉంది. "కండరం బాగుంది, నాళాలు బాగున్నాయి. పాతికేళ్ల పిల్లవాడికి ఉండాల్సిన గుండె. మెదడులో కూడా జబ్బేమీ లేదు."

"అంటే ఏం రోగం లేదా అమ్మా?" అని పరశురాములు అడిగాడు. "గట్టిగ చెప్పుండ్రి. నేను పోయి పదిమందికి చెప్పాలె."

"ఏమీ లేదు పెద్దాయనా. గట్టి గుండె."

శ్రీశైలం తెర మీది గుప్పిటనే చూస్తూ ఉన్నాడు. తన గుండెను అంత ద్వేషంతో అతను ఎన్నడూ చూడలేదు.

"ఒక్కటే చిన్న ఇబ్బంది" అని ఆమె ఇంకో తెర తెరిచింది. అందులో ఎగుడుదిగుడు గీతలున్నాయి. "మీ పరీక్షను మా లెక్కలోకి తీసుకోలేం. ఇక్కడ పాము, ఇక్కడ కుక్క. మీరు రాయిలా ఉన్నారు. ఇదిగో ఇది మంచి బొమ్మ, చెరువు, తాటిచెట్లు. ఇక్కడ గుండె ఒక్కసారిగా ఎగిరింది. మెదడులో భయం పుట్టే చోటు కూడా వెలిగింది. ఒంట్లో కదలిక. ప్రతిసారీ అంతే. పూర్తిగా ఉల్టా వచ్చింది." గీత మీద పెన్సిలు మొన ఆనించి ఆమె అతనివైపు తిరిగింది. "కదిలితే ఫొటోలు పాడవుతాయి, దానివల్లనే అయ్యుంటుంది. అయినా అడుగుతున్నాను. అప్పుడు మీకేమైంది?"

దొరికింది. మిషన్ తన పని తాను చేసింది. ఎక్కడుందో అక్కడికే పోయి, వేలు పెట్టి చూపించింది. ఇక అతను ఒక్క మాట అంటే చాలు. అంటే పద్మలత వింటుంది, ఆమె కళ్లు చూస్తే తెలుస్తోంది. సుక్కి వరసలోకి జరపమంటుంది. గోళీలిస్తుంది. నడవ దాటి అవతలి కుర్చీలో కూచోవడం ఎంతసేపు.

శ్రీశైలం నోరు తెరిచాడు. పక్కన పరశురాములు కదలకుండా కూచున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని, గోడ మీద ఏమీ లేని చోటును చూస్తున్నాడు. ఈ ముసలాయన చెవిలో పడ్డ మాట సాయంత్రానికి మండువలో ఉంటుంది. గౌడోనికి భయమట. దవాఖాన్ల ఆ మాటన్నడట. చెట్లే కాదు, రేపు ఊళ్లో తలెత్తడానికి లేదు. చచ్చేదాకా ఆ పేరు పెట్టే పిలుస్తారు, తరువాత పిల్లల్ని పిలుస్తారు.

"సల్వ పెట్టింది మేడమ్" అన్నాడు. "ఏసీ బాగ ఎక్కువుండె."

"నేనూ అదే అనుకున్నా" అంది పద్మలత. పెన్సిలు పక్కన పెట్టి, తెర మూసింది. "మిమ్మల్ని అనవసరంగా తిప్పాం. ఏమనుకోకండి."

బయట సుక్కి లేదు. కుర్చీల్లో ఎవరెవరో కొత్తవాళ్లున్నారు. మెట్లు దిగుతూ పరశురాములు ఒక్కసారి ఆగి శ్రీశైలం ముఖంలోకి చూశాడు.  తరిగొప్పుల దాకా బస్సులో కిటికీ బయటికే చూస్తూ కూచున్నాడు.

మండువలో మాత్రం పరశురాములు గొంతు ఖంగుమంది. "గుండె మంచిగున్నది! పాతికేండ్ల పిలగాని గుండెనట. నా చెవులతోని ఇన్న." అందరికీ సంతోషమే. అందులో కల్మషం లేదు. అతని తాళ్లు గీస్తున్న హరీశ్ కూడా వచ్చి, "నేనేమో పరేషానైన కాకా. రేపటి సంది నీ తాళ్లు నీకే" అని చేతులు పట్టుకున్నాడు. ఇంట్లో భాగ్య ఎల్లమ్మ పటానికి కుంకుమ పెట్టి, కోడిని కోయించింది. మొగుడు రెండు ముద్దలు తిని లేచిపోతే, ఇన్ని నాళ్ల దిగులు ఒక్కపూటలో పోతుందా అని సరిపెట్టుకుంది.

పొద్దున మంచు పట్టింది. శ్రీశైలం నడుముకు ముస్తాదు కట్టుకొని, కత్తులు దోపుకొని, మోకు భుజాన వేసుకున్నాడు. తాళ్ల దగ్గర పరశురాములు అప్పటికే ఉన్నాడు. ఇన్నాళ్లకు మళ్లీ ఎక్కుతున్నాడు గనక పెద్ద మనిషి ఉండటం మర్యాద. పక్క తాటి మీద హరీశ్ అప్పుడే పైదాకా పోయాడు. మంచులో మనిషి కనబడటం లేదు, మోకు మాను మీద రాసుకునే చప్పుడు మాత్రం వస్తోంది.

శ్రీశైలం చెట్టుకు మొక్కాడు. మోకు మాను చుట్టూ తిప్పి వెనక వేసుకున్నాడు. పాదాలకు గుజి తాడు తొడుక్కున్నాడు. ముడి రెండు వేళ్లతో తడిమి, గుంజి చూశాడు. ఒక పట్టు ఎక్కాడు. ఇంకో పట్టు. ఒంటికి అలవాటున్న పని, ఒళ్లు తన పాటికి తాను ఎక్కుతోంది. గుండె ఒక్కటే ఎక్కనంటోంది. తాటిబెరడు తడిగా, నల్లగా, ముక్కుకు తగిలేటంత దగ్గర ఉంది. తలెత్తితే మొవ్వ కింద హరీశ్ కట్టిన లొట్టి కనబడింది. చుట్టూ మంచు. పక్కన చెరువు. పద్మలత బొమ్మే. మనసు నిమ్మళించడానికి పెట్టిన బొమ్మలోకి తానే ఎక్కి వచ్చాడు.

"కాకా, ఉన్నవా?" అన్నాడు పైనుంచి హరీశ్.

ఉన్న అనాలి. శ్రీశైలం నోరు తెరిచాడు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. చేతులు మాను చుట్టూ బిగుసుకుపోయాయి. పైకి పోలేడు, కిందికి రాలేడు. మోకు వణుకుతోంది, దానితో పాటు మాను మీది చెక్కు రాలుతోంది.

"శ్రీశైలం కాకా! ఉన్నవా?" ఈసారి హరీశ్ గొంతులో తేడా ఉంది. అవతలి తాళ్ల మీద కత్తుల చప్పుడు ఆగింది.

"ఉన్నడు!" అని కింది నుంచి కేక వినబడింది. పరశురాములు. "మోకాలు వట్టేసింది వానికి! నేను దింపుతాన, మీరు గీసుకోండ్రి!"

తరువాత ఆయన గొంతు తగ్గింది. మాను మొదట్లో రెండు చేతులూ చుట్టి, నుదురు బెరడుకు ఆనించి, పైకి చూడకుండా మాట్లాడుతున్నాడు. "ఇను. నా మాటొక్కటే ఇను. కుడికాలు జరుపు. కొద్దిగంతె. ఆఁ. మోకు దింపు. ఇప్పుడు ఎడమకాలు. కిందికి సూడకు, నేనున్న. నేనున్న బిడ్డా." పట్టుపట్టుకూ అదే మాట. శ్రీశైలం కాలు నేలకు తగిలేసరికి ముసలాయన ఒళ్లు కూడా తడిసి ముద్దయింది.

ఇద్దరూ మాను మొదట్లో కూచున్నారు. చాలాసేపు ఊపిరి తీసుకోవడమే సరిపోయింది.

"నీకు సల్వ వెట్టలే" అన్నాడు పరశురాములు.

శ్రీశైలం వంగి పాదాల గుజి విప్పుకుంటున్నాడు.

"నా మోకాళ్లు మంచిగనే ఉన్నయి" అన్నాడు మళ్లీ. ఆ మాట చెట్టుకు చెబుతున్నట్టు చెప్పాడు. "మా తమ్ముని చెట్టు దించింది సూడు, ఆ ఏడు. ఆ తెల్లారి నేను గిట్లనే సగంల వట్టుకున్న. ఎట్ల దిగిన్నో నాకె ఎరుక. దిగి మోకాళ్లన్న. అందరు నమ్మిండ్రు. మా కాలంల మోకాళ్లను జూసే మిషిన్ లేకుండె గద. నీకేం పుట్టిందిరా, గుండె అన్నవ్? గుండె అని ఊకోక పోయి మిషిన్ల పన్నవ్?"

శ్రీశైలం ఆయన వైపు తిరిగాడు. ముందు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. అద్దాల లిఫ్టు, మూడంతస్తుల మెట్లు గుర్తుకొచ్చాయి. "నిన్న డాక్టరమ్మ అడిగింది మామ. నీ ముందట్నే అడిగింది. నువ్వు ఒక్క నిమిషం లేశి బయటికి పోతే నేను చెప్తును."

"నాకెరుకే."

"ఎరికుండి లేవలేదా?"

"లేవలే." పరశురాములు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు చెప్తవని భయమైంది. నువ్వు చెప్తే, అది రోగమేనని ఆమె అంటే, ఇన్నేండ్లు నేనేం జేసినట్టు? నేనెవ్వనికి చెప్పుకోవాలె?"

భయం అనే ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చేసింది. తాళ్లల్లో, పొద్దుపొద్దున్నే. వచ్చిందని ఆయనకూ తెలిసింది. ఇద్దరూ పైకి చూశారు. మంచులో హరీశ్ కత్తి చప్పుడు వినబడుతోంది. అతను వినలేదు.

"లే" అన్నాడు పరశురాములు. "కుడి మోకాలు. యాదుంచుకో, కుడిది. రోజుకొక కాలు కుంటితే దొరుకుతవ్."

ఊరి బాట మీద ఇద్దరూ కుంటుతూ నడిచారు. పరశురాములుకు అలవాటైన నడక, నాలుగడుగులకు ఒకసారి ఆగి తొడ మీద చెయ్యి వేసుకుంటాడు. శ్రీశైలం చూసి నేర్చుకుంటూ నడిచాడు. మంచి కాళ్లున్న మనుషులిద్దరు ఎదురొచ్చిన ప్రతివాడి ముందూ మొహాలు నొప్పిగా పెట్టుకుంటూ పోతున్నారు. బడి దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి హరీశ్ బండి మీద వచ్చి ఆగాడు. హ్యాండిల్‌కు కల్లు బింకులు వేలాడుతున్నాయి.

"ఎక్కు కాకా, ఇంటికాడ దింపుత. ఏం మోకాలు?"

"కుడిది."

"దానికేం పరేషాన్ గాకు. గా దవాఖాన్లనే మోకాళ్లకు గూడ ఫొటో తీస్తరట. మా సిన్నాయినకు తీసిండ్రు, లోపట సన్న బొక్క గూడ కనవడ్డది. ఆయితారం నేనే తోల్కపోత." హరీశ్ ప్రేమగానే అన్నాడు. ఆపైన కాస్త నసిగి, "రోగం తేలాలె గద కాకా. సంఘంల అడుగుతరు" అన్నాడు.

శ్రీశైలం పరశురాములు వైపు చూశాడు. ముసలాయన నేల వైపు చూస్తూ నడక సాగించాడు. ఆయన ముందుకంటే ఎక్కువ కుంటుతున్నాడు.

ఇంట్లో భాగ్య ఏమీ అడగకముందే శ్రీశైలం అరుగు మీద కూలబడి, "మోకాలు వట్టేసింది" అన్నాడు. ఆమె గంజులో నీళ్లు కాచి, రాళ్లుప్పు వేసి తెచ్చింది. పంచె పైకి జరిపి, వేళ్లతో మోకాలి చుట్టూ తడిమింది. వాపు లేదు. వేడి లేదు. చిప్ప అటూ ఇటూ నూనె పెట్టినట్టు కదిలింది. రెండో మోకాలు తడిమింది. మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చింది.

"గీడనా?"

"ఆఁ, గీడనే."

ఆమె తలెత్తింది. అతను గోడవైపు తిరిగి ఉన్నాడు. అంగీ జేబు దగ్గర, ఎడమవైపు, బట్ట లేచి పడుతూ ఉంది. లోపల ఎవరో తలుపు కొడుతున్నంతగా లేచి పడుతూ ఉంది. భాగ్య ఆ బట్ట వైపు కొంతసేపు చూసింది. చెయ్యి అక్కడిదాకా పోయి, మళ్లీ గంజులోకి వచ్చింది.

గోడ అవతలి నుంచి పక్కింటి పెంటమ్మ తల పెట్టింది. "ఏందే భాగ్యా, నిన్న గుండె మంచిగున్నదంటిరి. మల్ల ఏమాయె ఆయనకు?"

భాగ్య గుడ్డ ముంచి పిండింది. వీధి చివరిదాకా వినబడేటట్టు గొంతెత్తింది.

"గుండె గాదు పెద్దవ్వా, మోకాలు! అయ్యో, ఎంత వాసిందో, కుండంత అయింది! గీ కాలుతోని ఇంటిదాక ఎట్లొచ్చిండో ఏమొ!"

సెగలు కక్కుతున్న గుడ్డ తెచ్చి ఆ నున్నటి మోకాలి మీద పరిచి, రెండు చేతులతో అదిమింది. చర్మం చుర్రుమంది. శ్రీశైలం కాలు కదపలేదు.